పురుగు ఒప్పితేనే పండగ

చిక్కబళ్ళాపురంలో నా మనవరాలు ఈ ఏడు కొత్త ఇంట్లో చేరింది. దసరాకి పిలిస్తే వెళ్ళాను. గుమ్మం నిండా బంతిపూలు, గోడల నిండా చామంతులు, మెట్టు మెట్టుకీ గుమ్మడికాయలు, వాటి మధ్యన దీపాలు. ఫోన్లో చూసి నేర్చుకుందట. "ఎట్లుండాదవ్వా?" అని నా ముఖంలోకి చూసింది. బాగుందని చెప్పాల్సిన చోట నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"ఈ పూలకి మందు ఎప్పుడు కొట్టినారమ్మే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, గుండె మాత్రం కాసేపు కొట్టుకుంటూనే ఉంది. ఆ మాట నాది కాదు. దిబ్బూరహళ్ళి పక్కన మా ఊళ్ళో, మా గోడకి గోడ ఆనుకుని బతికిన ఒకామెది. మాట ఆయమ్మదే, దడ కూడా ఆయమ్మదే. రెండూ నాకు అంటించి పోయింది.

పేరు రాయను. రాస్తే, "పేరెందుకు పెడితివమ్మే, దిష్టి తగలదా?" అనేది. నాకు అక్షరాలు వచ్చిందే తల నెరిశాక. మెలికలు తిప్పి రాయడం చేతకాదు. ఉన్న మాట చెబుతాను. ఆయమ్మ ఉత్త పిరికిది. పండగ వస్తోందంటే ఊరందరికీ సంతోషం, ఆయమ్మకి నిద్ర పట్టదు.

దానికి కారణం ఉంది. వాళ్ళ ఇల్లు సగం మనుషులది, సగం పట్టుపురుగులది. నడుమ ఒక్క గోడే. మా ప్రాంతంలో ఒక చేనిలో పురుగులు మేసే రేష్మె ఆకు, అదే మల్బరీ, ఉంటే, పక్క చేనిలో పూలుంటాయి. మందు కొట్టకపోతే పూలవాడు బతకడు, కొడితే పురుగులవాడు బతకడు. మందు అంటిన ఆకు ఒక్క పూట మేస్తే చాలు, పురుగు తల పైకెత్తి అటూ ఇటూ ఆడించి, పచ్చటి నీళ్ళు కక్కి పడిపోతుంది. ఊదుబత్తి పొగ, నూనె పొగ, కొత్త రంగు వాసన, దోమల బత్తి, ఇవన్నీ కూడా పురుగుకి పడవని మా పెద్దవాళ్ళ మాట. అంటే, పండగని చెప్పుకోవడానికి ఇంట్లో ఏమేం చేస్తామో అవన్నీ పురుగుకి శత్రువులే.

మామూలు మనిషైతే అటువంటి ఇంట్లో పండగే మానేసేది. ఆయమ్మ మానలేదు. ఇల్లు సింగారించడమంటే అంత పిచ్చి. ఆ పిచ్చికీ ఈ భయానికీ మధ్య నలుగుతూ ఒక పద్ధతి కనిపెట్టుకుంది.

పాత అల్యూమినియం తట్టలో నాలుగైదు పురుగులు, వాటికి రెండు ఆకులు. ఇంట్లోకి రావాల్సిన కొత్త వస్తువేదైనా ముందు ఆ తట్ట పక్కన పెట్టి, పైన బుట్ట బోర్లించేది. పొద్దున బోర్లిస్తే సాయంత్రం తీసేది. పురుగు మేస్తూ ఉంటే ఆ వస్తువు లోపలికి వస్తుంది. లేకపోతే వీధిలోకే. రంగు కాగితాలు, ముగ్గుపిండి, మామిడాకులు, చివరికి నా కొత్త చీర కూడా ఆ బుట్ట కింద కూర్చుని వచ్చిందే.

"అక్కా, అది గంజి వాసనే, పురుగు చావదు" అంటే వినేది కాదు.

"నువ్వు చెప్తే కాదమ్మే. పురుగు ఒప్పాల" అనేది.

బెంగళూరు నుంచి వచ్చిన వాళ్ళ అక్క కొడుకు ఒకసారి సెంటు పూసుకుని వచ్చాడు. గుమ్మం ముందే ఆపి, కుక్క మాదిరి వాసన చూసి, చెంబుడు నీళ్ళు చేతికిచ్చి కానుగ చెట్టు కింద కూర్చోబెట్టింది. వాడు అక్కడే అన్నం తిన్నాడు. "పిన్నమ్మా, నన్ను గూడా తట్ట పక్కన పెట్టి బుట్ట బోర్లిస్తావా?" అని అరిచాడు. "నీకు సరిపోయే బుట్ట లేదు గానీ, ఉంటే పెట్టింటాను" అంది. నవ్వుతూ అనలేదు.

పూలు మాత్రం ఆ బుట్ట దాకా కూడా వచ్చేవి కావు. పురుగు బయటికొచ్చేశాక చిల్లుపడి మిగిలే గూళ్ళుంటాయి, నూలు తీయడానికి పనికిరానివి. వాటిని కత్తెరతో రేకులుగా కోసి, పసుపునీళ్ళలోనూ బీట్‌రూటు నీళ్ళలోనూ ముంచి, ఎండబెట్టి తోరణాలు గుచ్చేది. పాడైపోయిన గుండ్రటి వెదురు తట్టల్ని ఒకదాని మీద ఒకటి మెట్లుగా పేర్చి, మెట్టు మీద మెట్టు మొక్కజొన్న పొత్తులు, పచ్చి రాగికంకులు, శెనక్కాయ చెట్లు, చిన్న గుమ్మడికాయలు అమర్చేది. అమర్చి, వెనక్కి నడిచి చూసి, ముందుకొచ్చి మళ్ళీ మార్చేది. "వంకరగా ఉండాదా? చెప్పమ్మే, వంకరగా ఉండాదా?" బాగుందంటే నమ్మేది కాదు. వంకరగా ఉందంటే ఆ రోజు అన్నం తినేది కాదు. ఆయుధపూజకి ఆకు కోసే కత్తికీ, తట్టలకీ, పురుగు గూడు కట్టుకునే చంద్రికలకీ అన్నిటికీ కుంకుమ బొట్లు. ఊదుబత్తి లేని ఆయుధపూజ మా వీధిలో ఆ ఒక్క ఇంట్లోనే.

పిండివంటల సంగతి ఇంకా విచిత్రం. నూనె పొయ్యి పెడితే పొగ. అందుకని కజ్జికాయలు చేసి, డబ్బాల్లో సర్ది, బస్సెక్కి చింతామణిలో ఒక బేకరీకి మోసుకుపోయేది. మా వైపు ఆడవాళ్ళు పిండీ చక్కెరా తీసుకుపోయి బేకరీలో బిస్కెట్లు కాల్పించుకు రావడం ఉంది. కజ్జికాయలు కాల్పించినది మాత్రం ఆయమ్మ ఒక్కతే. తోడుకి నేను.

"ఏమమ్మా, కజ్జికాయలు బేకరీలో కాలుస్తారా ఎవురన్నా?" అని ఆ బేకరీ ఆయన ప్రతి ఏడూ అడిగేవాడు.

"నువ్వు కాల్చప్పా. నువ్వు కాల్చినావని నేను ఎవురికీ చెప్పను."

రేకు లోపలికి పోయిన క్షణం నుంచి ఆయమ్మ కాలు నేల మీద నిలిచేది కాదు. "మాడతాండాయేమో చూడప్పా." కాసేపటికి, "వాసన మారింది, చూడప్పా." ఇంకాసేపటికి, "లోపల పూర్ణం కారిపోయిందేమో."

"ఇంగ నువ్వే దూరి చూసి రామ్మా, తలుపు తీసి పెడతాను" అనేవాడు ఆయన విసుగ్గా.

నేను నవ్వేదాన్ని. ఆయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకునేది. కజ్జికాయలు బంగారం రంగులో బయటికి వచ్చినా ముఖం తేటపడేది కాదు. "ఇవి బాగా వచ్చినాయంటే ఇంటికాడ ఏమో అయింటుంది" అనేది. అంత పిరికిది.

ఆ పిరికితనం పుట్టిన చోటు నాకు తెలుసు. ఇద్దరం ఒకే వీధికి ఇంచుమించు ఒకే కాలంలో కోడళ్ళుగా వచ్చాం. ఆయమ్మకి అత్తగారింట్లో మొదటి దసరా. తల్లిగారు పంపిన మల్లెపూలు జడ నిండా పెట్టుకుని పురుగులకి ఆకు వేసింది. రెండు రోజుల్లో పంటంతా పోయింది. పూల వల్లనా, ఆకు వల్లనా, ఏదైనా రోగమా, ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎవరూ అనుకోలేదు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది: "కాలు మంచిది కాదు." ఆ మాట వీధి పట్టుకుంది. పెళ్ళి పనుల్లో పసుపు దంచడానికి ఆయమ్మని అందరికంటే ఆఖర్న పిలిచేవాళ్ళు. కొత్తగా పురుగులు దించుకునే ఇంటికి ఆయమ్మ ఎదురొస్తే తలుపు దగ్గరికి వేసుకునేవాళ్ళు. ఆ తర్వాత ఆయమ్మ చేతిలో పంట మీద పంట నిలబడింది. మాట మాత్రం చావలేదు, ముసలిదైంది, అంతే. ఆ రోజు నుంచి ఆయమ్మ జడలో పువ్వు నేను చూడలేదు.

ఇంతలో కోడలు వచ్చింది. బాగేపల్లి అవతల చాకవేలు పిల్ల. వాళ్ళది శెనక్కాయ సేద్యం, పురుగుల ఇంట్లో మెలిగే పద్ధతి తెలియదు. కానీ సింగారం పిచ్చి అత్తకి తగ్గదే. వచ్చిన కొత్తలో ఫోన్లో చూసి గుమ్మడికాయకి కళ్ళూ నోరూ కోసి లోపల దీపం పెట్టింది. ఆయమ్మ చూసి, "ఇది దిష్టిబొమ్మ గదమ్మే! పండగ పూట ఇంట్లో పెడతారా?" అని గుండె పట్టుకుంది. ఆయమ్మ వాళ్ళాయన తొంగి చూసి, "మా పెద్దన్న మాదిరే ఉండాడు, ఉండనీ" అన్నాడు. దాన్ని కూడా బుట్ట కింద పెట్టారు. పురుగు ఒప్పింది. అత్తాకోడళ్ళు దాన్ని మెట్ల మీద పెట్టి, వంకరగా ఉందా లేదా అని ఇద్దరూ కలిసి నన్ను పీక్కుతిన్నారు.

ఆ పిల్లకి మొదటి దసరా వచ్చింది. పురుగు పొర విడవడానికి కదలకుండా పడుకోవడాన్ని మేం జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలి మీద ఉంటుంది, ఎంత వేసినా మేస్తుంది. సరిగ్గా ఆ దశలో ఆయుధపూజ ముందు రోజు వచ్చింది. బేకరీ ఆయన ఆ ఒక్క రోజే పొయ్యి ఖాళీ అన్నాడు. కొడుకు పాలవ్యాను తోలుకుని వెళ్ళిపోయాడు, వాళ్ళాయన ఆకు కోయడానికి తోటకి పోయాడు. ఇల్లు మొదటిసారి ఆ పిల్లకి అప్పగించి ఆయమ్మ నాతో బస్సెక్కింది.

బస్సులో దారంతా ఒకటే గోల. "మధ్యాన్నం ఆకు వేయమని చెప్పినానా? చేతులు కడుక్కోమని చెప్పినానా? చెప్పినాను గదమ్మే, నువ్వు విన్నావు గదా?" నాకే తల తిరిగింది. "అక్కా, ఆ పిల్ల నీకంటే తెలివైంది, సుమ్మనుండు" అన్నాను.

మేం తిరిగొచ్చేసరికి గుమ్మానికి బంతిపూల తోరణం. తలుపు చుట్టూ చామంతులు. ఎదురుగా ఆ పిల్ల, ముఖమంతా నవ్వు. వాళ్ళన్న పొద్దున్నే మోటారు సైకిల్ మీద వచ్చి, చిక్కబళ్ళాపురం పూలమండీ నుంచి గంపెడు పూలు తెచ్చి ఇచ్చి పోయాడట.

ఆయమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

"పురుగుల దిక్కు ఒక్క పువ్వు గూడా పెట్టలేదత్తా. అంతా మన దిక్కే" అంది పిల్ల గర్వంగా.

ఆయమ్మ ఊపిరి వదిలింది. నేను కూడా వదిలాను. డబ్బా కింద పెట్టి, తోరణాన్ని దూరం నుంచే చూసి, "బాగుండాది" అంది. ఆ నోటి నుంచి ఆ మాట రావడం అరుదు. అంతలోనే అడిగింది: "ఇంతసేపు పూలు వాడిపోకుండా యాడ పెట్టింటివి?"

"ఇంట్లో అన్నిటికంటే సల్లగా ఉండేది అదే గదత్తా. ఆకు కుప్ప మీద తడి గోతం కప్పింటాము గదా, దాని మీద పెట్టింటిని. నీళ్ళు గూడా చల్లినాను."

పూలు తడిసి, ఆ నీళ్ళు గోతంలోంచి ఆకు మీదికి దిగిన దారి మా ఇద్దరి కళ్ళకీ కనిపించింది. పిల్లకి కనిపించలేదు.

"ఆ ఆకు వేసినావా?"

"తలుపు పక్క తట్టల స్టాండుకి వేసినాను. మిగిలిన వాటికి ఇప్పుడు వేస్తాను."

ఆయమ్మ పరుగెత్తింది. ఆ వయసులో అట్లా పరుగెత్తడం నేను చూడలేదు. తలుపు పక్క స్టాండు మీద పురుగులు మేస్తూనే ఉన్నాయి. మేస్తుంటే ఆ గదిలో ఎప్పుడూ ఉండే చిటపట చప్పుడు ఉంది. అది ఇంకా భయం, అవి మేసేది ఆ ఆకునే. పై ఆకంతా ఏరి గంపల్లోకి ఎత్తాం. కుప్పలో ఉన్నది మొత్తం దిబ్బ మీద పారేశాం. ఆ తర్వాత చేసేదేమీ లేదు. ముగ్గురం గోడకి ఆనుకుని కూర్చుని చూస్తూ ఉన్నాం. పిల్ల, "ఏమైతాదత్తా, ఏమైతాది?" అని అడుగుతోంది. ఆయమ్మ కొంగు వేలికి చుట్టుకోవడం కూడా మర్చిపోయింది.

కాసేపటికి ఒక పురుగు తల ఎత్తింది. అట్లా ఎత్తి, ఏదో వెతుకుతున్నట్టు ఊపింది. పక్కది ఎత్తింది. చప్పుడు సన్నబడింది. తర్వాత ఆ స్టాండు మొత్తం తలలెత్తి ఊగుతూ ఉంది. పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మిగిలిన స్టాండ్లు ఏమవుతాయో తెలియదు. ఆయమ్మ ఒక్కొక్క తట్ట దగ్గరికీ పోయి వంగి చెవి పెట్టి వింటోంది. "ఇవి మేస్తాండాయి. ఇవీ మేస్తాండాయి." మళ్ళీ మొదటి నుంచి. నాకు అప్పుడు ఒకటి అర్థమైంది. ఆయమ్మ పురుగుల వైపు చూస్తోంది గానీ, మధ్య మధ్య వీధి తలుపు వైపు కూడా చూస్తోంది. భయం పంట ఒక్కదాని గురించే కాదు.

పొద్దు వాలేసరికి వాళ్ళాయన ఆకు మోపుతో వచ్చాడు. తలుపు పక్క స్టాండు పోయింది. తక్కినవి నిలబడ్డాయి. దిబ్బ మీద పారేసిన ఆకు చూసి, వీధిలో ఆడవాళ్ళు అప్పటికే గుమ్మం ముందు చేరారు. ఆకు గదిలో ఇంకా అడుగున నాలుగు పూలున్న గంప ఆయన కంట పడింది.

"ఆకు మీద పూలగంప ఎవురు పెట్టింది?"

పిల్ల పెదవులు విడిపడ్డాయి.

"నేనే" అంది ఆయమ్మ.

"నువ్వా?"

"పొద్దున బస్సు తొందరలో పెట్టి పోతిని. మర్చిపోతిని."

"మందు మందు అని ఊరంతా అరిచేదానివి, నువ్వా?"

"ముసలిదాన్నయితి గదా."

గుమ్మం అవతల నుంచి ఒక గొంతు, ఎవరిదో నాకు తెలుసు, రాయను: "మొదట్నుంచీ అంతే గదా ఆయమ్మ కాలు."

పొద్దున ఆయమ్మతో పాటే బస్సెక్కిన దాన్ని నేను. అప్పటికి ఆ ఇంట్లో పువ్వు లేదని నాకు తెలుసు. నా నోరు ఊరికి తెలుసు, అది ఆగే రకం కాదు. ఆయమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. నా నోరు ఆగింది.

వాళ్ళాయన మోపు దించి, తువ్వాలు దులుపుకుని, "ఇంగ నువ్వు పురుగులింట్లో కాలు పెట్టొద్దు. ఆ పిల్ల చూసుకుంటాది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆయన ఇంకో మాట వాడి ఉండొచ్చు. కాలు అనే అన్నాడు.

అందరూ పోయాక పిల్ల ఆయమ్మ మీద పడి ఏడ్చింది. మామకి చెప్పేస్తానంది.

"చెప్తే నా మీద ఆన" అంది ఆయమ్మ. "నేను బతికుండేదాకా నోరు తెరవొద్దు. నీకు ఇంగా శానా పండగలుండాయి. ఆ మాట పడిందంటే ఒక్క పండగా మిగల్దు. నాకు తెలుసు." తర్వాత నా వైపు తిరిగి, అప్పుడే గుర్తొచ్చినట్టు, "కజ్జికాయలు యాడ పెడితిమమ్మే? చీమలు పట్టింటాయి" అంది.

ఆ తర్వాత ఆయమ్మ పురుగుల గదిలోకి పోలేదు. ఆ పక్క కిటికీ కింద తిన్నె మీద కూర్చునేది. లోపల ఉన్నప్పుడు కళ్ళతో చూసి భయపడేది, ఇప్పుడు చూడకుండా భయపడాలి. అది ఎక్కువైంది. ఆకు వేసిన ప్రతి పూటా కిటికీలోకి అరిచేది: "మేస్తాండాయా?" "మేస్తాండాయత్తా." "అన్నీనా?" "అన్నీ." "మూలదానికి వేసినావా?" పిల్ల ఎప్పుడూ విసుక్కోలేదు. పండగలు వస్తే మామ చూడకుండా కిటికీ ఊచల్లోంచి నాలుగు పురుగులు ఆకులో చుట్టి ఇచ్చేది. ఆయమ్మ తిన్నె మీదే పరీక్ష పెట్టేది. ఏమక్కా ఈ దొంగతనం అని నేనంటే, "గోడకి చెవులుండాయి, మెల్లగా మాట్లాడు" అనేది.

పోయిన ఏడు దీపావళి అయిన కొన్నాళ్ళకి, పొద్దున నిద్ర లేవకుండానే పోయింది. తిన్నె మీద పడుకోబెట్టారు. లోపల పురుగు మళ్ళీ నాలుగో జ్వరం లేచి ఉంది. చావైనా పెళ్ళైనా పురుగుకి ఆకు ఆపడానికి లేదు. మేం ఇద్దరు ముగ్గురం తోటకి పోయి ఆకు కోసుకొచ్చాం.

వచ్చేసరికి వీధి మొదట్లో రభస. చుట్టాలు చింతామణి నుంచి దండలు తెచ్చారు, బంతిపూలవి, మోయలేనంత. ఆ పిల్ల కొంగు నడుముకి చుట్టి, చేతులు చాపి అడ్డంగా నిలబడి ఉంది.

"పూలు ఈడనే. ఇంటి దిక్కు రానీయను. ఊదుబత్తి గూడా వద్దు."

"పీనుగ మీద పువ్వెయ్యనీయవా? ఎక్కడి కోడలివే నువ్వు?" అని ఒకామె తిట్టింది. ఇంకొకామె, "మందు మందు అని కడాకి ఆ పూలగంప ఆకు మీద పెట్టింది ఆయమ్మే గదా. ఇప్పుడెందుకీ ఆట?" అంది.

పిల్ల ముఖం ఎర్రబడింది. వద్దని చెయ్యి ఊపాను. నా వైపు చూడలేదు.

"మా అత్త కాదు, నేను. ఆ ఏడు గంప ఆకు మీద పెట్టింది నేను. నాకు తెలియక పెట్టినాను. నన్ను అనొద్దని మా అత్త తన మీద వేసుకునింది. అనేదుంటే ఇప్పుడు అనండి."

ఆ మాట ఎవరి నోట ముందు వస్తుందో అని నేను ఒక్కొక్క ముఖమే చూస్తున్నాను. కాలు అనే మాట. చాలా ముఖాల్లో అది నోటి చివరి దాకా వచ్చి ఉంది.

శవం తలాపున కూర్చున్న వాళ్ళాయన లేచాడు. కోడల్ని చూశాడు. తర్వాత భార్య ముఖం వంక చాలాసేపు చూశాడు. ఆయనకి ఏడుపు రావడం లేదు, కోపమూ రావడం లేదు, ఏదో లెక్క తప్పినవాడిలా ఉన్నాడు.

"ఇన్నేండ్లు కాపురం చేసినాను" అన్నాడు. "దీనికి అబద్ధమాడేది వచ్చునని నాకు తెలీదే."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని, వీధి మొదట్లో ఉన్నవాళ్ళకి వినబడేలా అన్నాడు.

"ఆ దండలు ఆడనే దించండప్పా. నా కోడలు చెప్పినట్ల వినండి. లోపల పురుగు ఆకలి మీద ఉండాది."